ఓలీ ఎవిన్‌రూడ్

ఇరువదవ శతాబ్దము ప్రవేశించునప్పటికి ఆవిరియంత్రములు గల మహానౌకలు ఒక వారములో అట్లాంటికు మహాసముద్రమును దాటుచుండెను. అయినను సరస్సులో చేపలు పట్టుకొను బీదవాడు మాత్రము తన తాతముత్తాతల వలెనే తెడ్డు వేయుచు, ఎదురుగాలి వీచిన దినమున భుజములు నొచ్చి, ఒడ్డు చేరుటకు ఆపసోపములు పడుచుండెను. నౌకలోని యంత్రమును తెచ్చి వాని పడవలో పెట్టినచో ఆ పడవ అక్కడనే మునిగిపోవును. వాని పడవను నడుపగల బలము, ఆ పడవ మోయగల బరువు, ఈ రెండును కుదిరిన యంత్రము వానికి కావలసి యుండెను. అట్టి యంత్రమును నిర్మించి వేలకొలది జనుల చేతికి అందించినవాడు ఓలీ ఎవిన్‌రూడ్.

ఓలీ 1877వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన నార్వే దేశమున జన్మించెను. నార్వే కొండల దేశము. సాగునకు వీలగు నేల స్వల్పము. అందుచే ఆ కాలమున వేలకొలది కుటుంబములు పుట్టిన యూళ్లు విడిచి అమెరికాకు తరలిపోవుచుండెను. ఓలీ కుటుంబము కూడ 1882లో సముద్రము దాటి, విస్కాన్సిన్ రాష్ట్రమున కేంబ్రిడ్జి అను చిన్న యూరి సమీపమున స్థిరపడెను. ప్రయాణములో అయిదేండ్ల ఓలీ కనబడకుండ పోయినప్పుడెల్ల, తల్లి వానిని నౌకలోని యంత్రశాలలో వెదకి పట్టుకొనెడిదని చెప్పుదురు. వారి క్రొత్త యింటి చేరువను రిప్లీ యను సరస్సు కలదు. ఒకవైపు యంత్రము, ఒకవైపు నీరు. ఆ బాలుని మనస్సు ఈ రెంటిని విడిచి ఎన్నడును దూరముగా పోలేదు.

ఓలీ తండ్రికి సేద్యము తప్ప వేఱు ధ్యాస లేదు. ఇంటికి పెద్దకొడుకగు ఓలీ చిన్ననాటనే పొలము పనికి దిగవలసి వచ్చెను. బడిచదువు కొద్ది యేండ్లలోనే ముగిసెను. అయినను విరిగిన పనిముట్టు ఏది కనబడినను దానిని విప్పి, బాగుచేసి, మరల బిగించుట అతనికి ఆటవలె నుండెడిది. పదునైదు పదునాఱేండ్ల ప్రాయమున అతడు ఎవరును నేర్పకయే ఒక తెరచాపపడవను కట్టుటకు పూనుకొనెను. కొడుకు పొలము విడిచి నీటివెంట పడుచున్నాడని తండ్రికి ఆగ్రహము కలిగెను. ఆయన సగము కట్టిన పడవను గొడ్డలితో నఱికి పొయ్యిలో పెట్టెనట. ఓలీ తండ్రితో వాదింపలేదు. పడవ మీది ఆశను మానుకొననూ లేదు. తండ్రి కంటబడని చోట మరల పని మొదలుపెట్టి మఱియొక పడవను పూర్తి చేసెను. అది సరస్సు మీద సొగసుగా తేలి పోవుచుండగా చూచిన తండ్రి ఈ పర్యాయము గొడ్డలి ఎత్తలేదు. కొడుకు చేతిలోని పనితనమును ఆయన గుర్తించెను కాబోలు. పదునాఱవ యేట ఓలీ ఇల్లు విడిచి యంత్రముల పని నేర్చుకొనుటకు మాడిసన్ పట్టణమునకు పోవుట ఇంటివారికి వింతగా తోపలేదు.

మాడిసన్‌లో అతడు పగలు వ్యవసాయ యంత్రములు చేయు కర్మశాలలో పనిచేయుచు, రాత్రులందు గణితశాస్త్రమును, యంత్రశాస్త్రమును స్వయముగా చదువుకొనెను. పిమ్మట పిట్స్‌బర్గు, చికాగో నగరములలో పనిచేసి, తుదకు మిల్వాకీ నగరము చేరెను. అక్కడ అతడు చేసిన పని యొకటి చెప్పుకొనదగినది. ఇనుమును పోతపోసి యంత్రభాగములను తయారు చేయుటకు ముందు, అవే ఆకారములను కొయ్యతో నిర్దుష్టముగా చెక్కవలెను. ఆ కొయ్యమచ్చును ఇసుకలో అదిమి, ఏర్పడిన గుంటలో కరిగిన లోహమును పోయుదురు. మచ్చులో వెంట్రుకవాసి తప్పున్నను పోతలో అది కనబడును. ఓలీ ఈ విద్యలో ఆరితేరెను. ఏ భాగమున ఎంత లోహము కావలెనో, ఎచ్చట లోహము వ్యర్థముగా బరువు పెంచునో, అతని చేతివ్రేళ్లకే తెలిసిపోవుచుండెను. తరువాతి కాలమున అతనికి అక్కఱకు వచ్చిన విద్య యిదియే.

ఆ దినములలో పెట్రోలుతో నడచు యంత్రములు క్రొత్తగా వ్యాపించుచుండెను. 1900 సంవత్సరమున ఓలీ ఒక భాగస్వామితో కలిసి, కోరినవారికి కోరిన విధమున యంత్రములు చేసి యిచ్చు చిన్న సంస్థను స్థాపించెను. యంత్రము విషయమున అతనికి సాటి లేదు. లెక్కల విషయమున మాత్రము మిక్కిలి అజాగ్రత్తపరుడు. రావలసిన సొమ్ము అడుగుటకు మొగమోటపడెడివాడు. వచ్చిన ఉత్తరములకు బదులు వ్రాయుట మఱచిపోయెడివాడు. పొరుగింట బెస్ కేరీ యను యువతి యుండెడిది. ఆమె వాణిజ్యవిద్య నభ్యసించినది. ఓలీ ఉత్తరములకు జవాబులు వ్రాసి పెట్టుట, పద్దులు సరిచూచుట ఆమె క్రమముగా తన పనిగా చేసికొనెను. 1906లో వారిరువురకు వివాహమయ్యెను. ఎవిన్‌రూడ్ పేరు లోకమునకు తెలియుటలో ఈమె భాగము సగమునకు తక్కువ కాదు.

ఆ కాలమునకే చెందిన యొక కథను అమెరికాలో బాలురు సైతము చెప్పుకొందురు. 1906 ప్రాంతమున, ఒక వేసవి ఆదివారమున, ఓలీయు బెస్సును మిత్రులతో కూడి ఒకాచీ యను సరస్సులో నొక చోట వనభోజనమునకు పోయిరి. ఎండ తీవ్రముగా నుండెను. బెస్సు ఐసుక్రీము తినవలెనని ముచ్చటపడెను. అంగడి సరస్సునకు ఆవలి యొడ్డున, రెండు మైళ్లకు పైబడిన దూరమున కలదు. ఓలీ వెంటనే పడవ నెక్కి తెడ్లు వేయుచు పోయెను. తిరిగి వచ్చునప్పటికి అతని దేహమంతయు చెమటతో తడిసెను. ఐసుక్రీము కరిగి నీరయ్యెను. ఆ తిరుగుప్రయాణమున తెడ్డు వేయుచునే, ఈ పనిని యంత్రము చేయరాదా యని అతడు తలపోసెనట.

కథ చక్కగనే యున్నది. కాని ఒక్క మధ్యాహ్నపు ఎండ ఎవనిని యంత్రనిర్మాతగా చేయజాలదు. దానికి వెనుక పదునైదేండ్ల కర్మశాల పరిశ్రమ యుండెను. అదియును గాక, పడవ వెలుపల బిగించు యంత్రమును తలపెట్టినవారిలో ఓలీ మొదటివాడు కాడు. ఫ్రాన్సు దేశీయుడగు గుస్తావ్ త్రూవే 1881లోనే విద్యుచ్ఛక్తితో నడచు అట్టి సాధనమును పడవకు తగిలించి సేన్ నదిపై నడిపెను. అమెరికాలో డెట్రాయిటు నగరవాసి కామెరన్ వాటర్‌మన్ 1905లో పెట్రోలు యంత్రమును పడవ వెనుక బిగించి పరీక్షించి, పిమ్మట విక్రయించెను కూడ. ఓలీ చేసినది వేఱు. నమ్మి కొనదగినదియు, సామాన్యుడు మోసికొని పోయి తానే బిగించుకొనదగినదియు నగు యంత్రమును అతడు సిద్ధపఱచెను.

మొదట ఓలీ చేసిన నమూనాను ఇంటికి తెచ్చి చూపగా, కాఫీగింజలు విసరు మరవలె నున్నదని బెస్సు నవ్వెనట. అతడు దానిని విప్పి మరల మరల మార్చెను. 1909 నాటికి యంత్రము ఒక రూపునకు వచ్చెను. దాని శక్తి ఒకటిన్నర అశ్వశక్తి; బరువు 62 పౌనులు, అనగా సుమారు 28 కిలోలు; వెల 62 డాలర్లు. పడవ వెనుక భాగమును మన నావికులు అమరమందురు, ముందు భాగమును అణియమందురు. అమరపు పలకకు యంత్రమును మరలతో బిగించెదరు. పైన అడ్డముగా నొక బరువైన చక్రము తిరుగును. దానినుండి నిలువుగా నొక ఇరుసు నీటిలోనికి దిగును. ఇరుసు క్రిందికొనయందలి పండ్లచక్రములు ఆ చలనమును అడ్డమునకు త్రిప్పి, పంకా రేకులను త్రిప్పును. పడవను ప్రక్కకు మరల్పవలెనన్నచో యంత్రమునే ప్రక్కకు త్రిప్పిన చాలును; వేఱు చుక్కాని అక్కఱలేదు. యంత్రమును మొదలుపెట్టుటకు పై చక్రమునకు ఒక కొయ్యపిడి యుండెను. ఆ పిడిని పట్టి గట్టిగా త్రిప్పవలెను. యంత్రము అంటుకొనిన తోడనే చేయి తీసివేయకున్నచో పిడి వచ్చి వ్రేళ్ల కణుపులపై కొట్టెడిది. ఆ దెబ్బ తినని పడవవాడు ఆ కాలమున అరుదు.

ఒకటిన్నర అశ్వశక్తి యనిన నేటి వారికి హాస్యాస్పదముగా తోచును. కాని లెక్క చూడదగియున్నది. ఆరోగ్యవంతుడగు మనుష్యుడు గంటల తరబడి ఎడతెగక పనిచేసినచో, అశ్వశక్తిలో సుమారు పదవవంతు మాత్రమే ఈయగలడు. ఆ లెక్కను ఈ చిన్నయంత్రము పదునైదుగురు మనుష్యుల బలము గలది. ఇంతకు మించి బలము పెట్టినను తెడ్డుపడవకు లాభము లేదు. పడవ నీటిని చీల్చుకొని పోవునపుడు అణియము వద్ద ఒక అల లేచును. వేగము హెచ్చిన కొలది ఆ అల పొడవు పెరుగును. అల పొడవు పడవ పొడవునకు సమానమగునప్పటికి, పడవ రెండు అలల నడుమ పల్లములో చిక్కినట్లగును. అక్కడినుండి వేగము పెంచుట కొండ నెక్కుట వంటిది. పడవ పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును ఒకటింబావు కంటె కొంచెము హెచ్చుగా, అనగా 1⅓ చేత గుణించినచో, ఆ పడవ సులభముగా పోగల గరిష్ఠవేగము గంటకు నావికుల మైళ్లలో వచ్చును. 16 అడుగుల పడవకు వర్గమూలము 4. వేగము 5⅓ మైళ్లు. అట్టి పడవకు పెద్ద యంత్రమును తగిలించినచో వేగము పెరుగుటకు మాఱుగా అమరము క్రిందికి క్రుంగి, అణియము పైకి లేచి, వెనుకనుండి నీరు లోనికి వచ్చును. ఓలీ తన కాలపు తెడ్డుపడవలకు ఎంత కావలెనో అంతయే ఇచ్చెను.

యంత్రము సిద్ధమైన పిదప ఓలీ దానిని ఒక మిత్రునకు ఎరువిచ్చెను. ఆ మిత్రుడు సరస్సుపై దానిని నడుపుకొని వచ్చునప్పటికి, చూచినవారు తమకును కావలెనని పది యంత్రములకు సొమ్ము సిద్ధము చేసిరి. ఇక బెస్సు పని మొదలయ్యెను. తెడ్లను పారవైచి ఎవిన్‌రూడ్ యంత్రమును వాడుడను భావము గల ప్రకటనను ఆమె స్వయముగా వ్రాసి పత్రికలకు పంపెను. ఉత్తరములు వచ్చి పడెను. పసిబిడ్డడగు రాల్ఫును చూచుకొనుచునే ఆమె కార్యాలయమును నడిపెను. సంస్థకు మూలధనము చాలనపుడు, లాగుడునౌకల వ్యాపారియగు క్రిస్ మేయర్ అనునతడు సొమ్ము పెట్టి సగము భాగస్తుడయ్యెను. 1911లో ఓలీ యంత్రమునకు పేటెంటు లభించెను. నార్వే, స్వీడను, డెన్మార్కు దేశముల జాలరులు ఈ యంత్రములను వేలకొలదిగా కోరిరి. అయిదేండ్ల పసివానిగా ఓలీ విడిచి వచ్చిన తీరములకు అతని పేరు చెక్కిన యంత్రములు ఓడలెక్కి పోయెను.

ఇంతలో ఇంటికి ఆపద వచ్చెను. రేయింబవళ్లు శ్రమించిన బెస్సు ఆరోగ్యము క్షీణించెను. వైద్యులు విశ్రాంతి తప్పదనిరి. సంస్థ అప్పుడే చిగిర్చి కొమ్మలు వేయుచుండెను. ఇంకను కొన్నియేండ్లు నిలిచినచో అపారధనము చేకూరెడిది. ఓలీ ఎక్కువ ఆలోచింపలేదు. 1914లో తన భాగమును మేయరునకు విక్రయించెను. అయిదేండ్ల పాటు ఇట్టి యంత్రముల వ్యాపారములో తిరిగి ప్రవేశింపనని ఒడంబడిక వ్రాసి యిచ్చెను. సంస్థతో పాటు దాని పేరును పోయెను. ఎవిన్‌రూడ్ అను పేరు ఇక మఱియొకరి సొత్తు. అతడు భార్యను, కుమారుని మోటారుకారులో కూర్చుండబెట్టుకొని దేశము చూపుటకు బయలుదేరెను.

చేతులు కట్టుకొని కూర్చుండుట ఓలీకి తెలియదు. నీటిమీద తిరిగినప్పుడెల్ల అతని చూపు తన పాత యంత్రము లోపముల మీదనే నిలిచెడిది. 62 పౌనుల యంత్రమును భుజమున మోసికొని ఇంటినుండి రేవునకు నడచుట ఒక శిక్ష. ఒకే సిలిండరు గలదగుటచే అది పడవనంతయు వణికించెడిది. మొదటి ప్రపంచయుద్ధము పిమ్మట అల్యూమినియము విరివిగా దొరకుచుండెను. ఓలీ ఇనుము స్థానమున వీలైన చోటనెల్ల ఆ తేలిక లోహమును వాడెను. ఎదురెదురుగా రెండు సిలిండర్లను అమర్చెను. రెండును ఒకేసారి ఎదురు దిక్కులకు కదలుటచే ఒకదాని కుదుపును మఱియొకటి అణచివేయును. మచ్చులు చెక్కిన నాటి చేయి అడుగడుగున పనికి వచ్చెను. పూర్తియైన యంత్రము 3 అశ్వశక్తులు గలదై 48 పౌనులు మాత్రమే తూగెను. బలము ఇబ్బడియయ్యెను, బరువు నాలుగవవంతు తగ్గెను.

అయిదేండ్ల గడువు తీరినది. అయినను ఓలీ ఆ యంత్రమును మొదట మేయరునకే చూపెను. పాత యంత్రములు బాగుగనే అమ్ముడుపోవుచుండగా క్రొత్తది ఎందులకని మేయరు దానిని నిరాకరించెను. ఓలీయు బెస్సును మరల సొంతముగా సంస్థను స్థాపించిరి. కాని ఏ పేరు పెట్టవలెను? తన పేరును యంత్రముపై వేయుటకు ఓలీకి హక్కు లేదు. ఎవిన్‌రూడ్ తేలిక జంట ఔట్‌బోర్డు అను అర్థమిచ్చు ఆంగ్లపదముల మొదటి అక్షరములను కూర్చి, బెస్సు ఎల్టో అను మాటను కల్పించెను. 1921లో ఎల్టో యంత్రము విపణిలోనికి వచ్చెను. పేరు పోగొట్టుకొన్నవాడు తన పేరులోని ఒక్క అక్షరముతో తిరిగి నిలబడెను.

ఇప్పుడు అతనికి పోటీగా నిలిచినది తన పాత సంస్థ యొక్కటే కాదు. ఇండియానా రాష్ట్రమునందలి జాన్సన్ సోదరులు 35 పౌనుల యంత్రమును దింపిరి. ఎల్టోకంటె అది 13 పౌనులు తక్కువ. తరువాత వారు హెచ్చు బలము గల యంత్రములను చేసిరి. వానితో పాటు క్రొత్త విధమగు పడవలు వచ్చెను. అడుగుభాగము వెనుకవైపున చదునుగా నుండు ఈ పడవలు తగిన బలము దొరకినచో తమ అలను తామే ఎక్కి నీటిపై జారుచు పోగలవు. తెడ్డుపడవ లెక్కలు వీనికి చెల్లవు. వేగమునందు జనులకు వ్యామోహము పుట్టెను; పందెములు ప్రబలెను. ఓలీ 1928లో నాలుగు సిలిండర్లు గల ఎల్టో యంత్రమును 18 అశ్వశక్తులతో విడుదల చేసెను. ఒకటిన్నరతో ప్రారంభించిన వానికి ఇది పండ్రెండు రెట్లు. అయినను చిన్నపడవకు చిన్నయంత్రమును చేయుట అతడు మానలేదు. ఎల్లప్పుడు పెద్దదే మేలని అతడు నమ్మలేదు. సేద్యగాని పడవ, జాలరి పడవ, పందెపు పడవ మూడును మూడు విధములు.

మేయరు విడిచిన పిదప పాత ఎవిన్‌రూడ్ సంస్థ కొందఱి చేతులు మారి, మందగించి యుండెను. 1929లో ఎల్టో, ఎవిన్‌రూడ్, లాక్‌వుడ్ అను మూడు సంస్థలను ఏకము చేసిరి. క్రొత్త సంస్థకు అధ్యక్షుడుగా ఓలీని ఎన్నుకొనిరి. పదునైదేండ్ల పిదప అతని పేరు అతనికి తిరిగి దక్కెను. ఆ సంతోషము ఎక్కువ దినములు నిలువలేదు. ఆ యేడు అక్టోబరులోనే అమెరికా షేర్ల విపణి కూలిపోయెను. తిండికే కటకటపడు జనులు విహారమునకు యంత్రములు కొనుట మానిరి. కర్మశాలలు మూతబడిన ఆ గడ్డుదినములలో ఓలీ సంస్థను నిలుపుటకు పెనుగులాడుచుండగనే, 1933లో బెస్సు మరణించెను. ఉత్తరములు వ్రాసినదియు, ప్రకటనలు కూర్చినదియు, సంస్థకు పేరు పెట్టినదియు నగు ఆమె లేని లోటు అతడు ఎక్కువ కాలము మోయలేదనవచ్చును. 1934 జూలై 12వ తేదీన, ఏబదియేడవ యేట, మిల్వాకీలో ఓలీ కన్నుమూసెను. సంస్థ భారము కుమారుడగు రాల్ఫుపై పడెను. అచిరకాలములోనే జాన్సన్ సోదరుల సంస్థయు దానిలో చేరిపోయెను.

ఓలీ ఎరుగని పడవలు రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట వచ్చెను. గాజునూలును జిగురురసాయనముతో తడిపి అచ్చులో పొరలుగా వేసి గట్టిపఱచిన పడవలవి, ఫైబరుగ్లాసు పడవలందురు. అవి పురుగు తినవు, ఏటేట తారు పూయ పనిలేదు. 1950 తరువాత అమెరికాలో మధ్యతరగతి కుటుంబములు వీనిని విరివిగా కొనిరి. యంత్రములు కూడ పెరుగుచు పోయి, 1958 నాటికి ఎవిన్‌రూడ్ పేరుతోనే 50 అశ్వశక్తుల యంత్రము వచ్చెను. బలము పెరిగిన కొలది ప్రమాదములును పెరిగెను. పడవకు తగని యంత్రమును తగిలించి, మలుపులో బోల్తాపడి ప్రాణములు కోల్పోయినవారు పలువురు. తుదకు 1971లో అమెరికా ప్రభుత్వము ఒక శాసనము చేసెను. దాని ననుసరించి, 1972 చివరనుండి 20 అడుగులకు లోబడిన క్రొత్త మోటారుపడవలకు సామాన్యముగా, ఎంతమంది ఎక్కవచ్చునో, ఎంత అశ్వశక్తి పెట్టవచ్చునో తెలుపు పలకను బిగింపవలెను.

ఆ లెక్కయు కఠినము కాదు. పడవ పొడవును, అమరపు పలక వెడల్పును అడుగులలో గుణింపవలెను. 14 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల పడవకు 56 వచ్చును. యంత్రము పిడిని చేతితో పట్టి నడుపు పడవయై, అడుగు పూర్తిగా చదునుగా లేనిచో, 56ను 0.8 చేత గుణించి 25 తీసివేయవలెను. 19.8 వచ్చును, దానిని 20 అశ్వశక్తులుగా తీసికొనవచ్చును. ముందు కూర్చుండి చక్రముతో త్రిప్పు ఏర్పాటుండి, అమరపు పలక 20 అంగుళముల ఎత్తు గలదైనచో, 56ను రెండింతలు చేసి 90 తీసివేయవలెను. అప్పుడు 22 వచ్చును. దానిని 25 వరకు పెంచుకొనవచ్చును. ఇది దాటరాని హద్దు. చేరి తీరవలసిన గమ్యము కాదు.

1972కు ముందటి పడవలను నేటికిని ప్రేమతో బాగుచేసికొని వాడుకొనువారు కలరు. అట్టి పడవలలో పెక్కింటికి ఆ పలక యుండదు. మీదుమిక్కిలి, వాని అమరపు పలక లోపల, ఫైబరుగ్లాసు పొరల నడుమ, ప్లైవుడ్డు చెక్క దాగియుండును. మరచీలల రంధ్రములగుండ నీరు చొరబడి ఆ చెక్క లోలోపల క్రుళ్లిపోవును. పైకి మాత్రము పడవ మెఱయుచునే యుండును. తెలిసినవారు చిన్నసుత్తితో పలకను తట్టి చూతురు. ఖంగున మ్రోగినచో మంచిది. మొద్దుగా పలికినచో చెక్కను మార్పవలెను. బరువు విషయమున మఱియొక చిక్కు కలదు. ఒకే అశ్వశక్తి గల యంత్రములలో, నేటి నాలుగు ఘాతముల యంత్రము ఆనాటి రెండు ఘాతముల యంత్రము కంటె సాధారణముగా బరువైనది. కావున పాతపడవకు ఆనాడు సరిపోయిన అశ్వశక్తియే ఈనాడు అమరమును నీటిలోనికి క్రుంగదీయవచ్చును. అందుచే అట్టివారు శక్తితో పాటు పౌనులు కూడ చూచుకొని, ఒకటి రెండు మెట్లు తగ్గించియే యంత్రమును కొందురు. 62 పౌనులను 48కి దించుటకు ఓలీ పడిన పాట్లు వారికి బాగుగ అర్థమగును.

ఓలీ వంశమువారి సంస్థ పెరిగి పెద్దదై, 2000 సంవత్సరము డిసెంబరులో దివాలా తీసెను. పేరు మరల ఇతరుల చేతికి పోయెను. 2020లో ఎవిన్‌రూడ్ యంత్రముల ఉత్పత్తి పూర్తిగా నిలిచిపోయెను. కాని పాతయంత్రములను సేకరించి కాపాడు వారి సంఘములు అమెరికాలో కలవు. వారియొద్ద 1910 ప్రాంతపు యంత్రములు కొన్ని ఇంకను పనిచేయు స్థితిలో నున్నవి. వారు వానిని తెడ్డుపడవలకు బిగించి, కొయ్యపిడిని పట్టి గట్టిగా త్రిప్పి, యంత్రము అంటుకొనిన తోడనే చేయి వెనుకకు లాగుకొందురు.